"చేయి చల్లగా ఉంది మేడం": ఒక డెంగీ సినారియో, ఆరు టీంలు

మూడేళ్ల కిందటి సెప్టెంబర్. మా పిల్లలు పోస్టింగ్‌లో ఉన్న ఆసుపత్రి మెడికల్ వార్డంతా డెంగీ కేసులే. మంచాల మధ్య కూడా మంచాలు వేశారు. రౌండ్స్ అయ్యాక కేస్ షీట్లు తిరగేస్తుంటే ఒక చార్టు దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) థర్డ్ ఇయర్ అమ్మాయి రాసిన చార్టు. చేతిరాత ముత్యాల్లా ఉంది. గళ్లన్నీ నిండాయి, టైముకి టైము సంతకం ఉంది. ఎనిమిదింటికి బీపీ 110/80, పదింటికి 104/82, పదకొండుంబావుకి 100/84. పల్స్ 96, 112, 124. టెంపరేచర్ మాత్రం మూడుసార్లూ 98 చిల్లర. నర్సెస్ నోట్స్‌లో ఒకే ముక్క: "జ్వరం తగ్గింది, పేషెంట్ కంఫర్టబుల్‌గా ఉంది."

ఆ పేషెంట్ అప్పటికే షాక్‌లోకి, అంటే ఒంటికి చాలినంత రక్తం అందని స్థితిలోకి, జారుతోంది. సీనియర్ సిస్టర్ ఒకావిడ అటుగా వెళ్తూ చేయి పట్టుకుని చూడబట్టి సరిపోయింది. ఐసీయూకి మార్చారు, నాలుగో రోజుకి లేచి కూర్చుని ఇడ్లీ తింది.

చార్టు రాసిన అమ్మాయిని మెట్ల దగ్గరికి తీసుకెళ్లి అడిగాను. డెంగీలో వార్నింగ్ సైన్స్ ఏమిటంటే గడగడా అప్పజెప్పింది: కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత లేదా చికాకు, కాలేయం పెరగడం, హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం, రక్తం చిక్కబడితే పెరుగుతుంది) పెరుగుతూ ప్లేట్‌లెట్లు పడిపోవడం. ఒక్కటీ తప్పు పోలేదు. పల్స్ ప్రెషర్ అంటే? పై అంకెలోంచి కింది అంకె తీసేయడం, అదీ చెప్పింది. "సరే, 100లోంచి 84 తీసెయ్" అన్నాను.

"పదహారు మేడం" అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ అమ్మాయికి పాఠం రాక కాదు. అంకెని రాసే చెయ్యికి, పాఠం గుర్తున్న బుర్రకి మధ్య ఎక్కడో తీగ తెగింది. పదిహేనేళ్లుగా పాఠాలు చెబుతున్నాను, ఆ తీగ గురించి ఒక్క క్లాసు కూడా తీసుకోలేదు. ఆ తర్వాతి బ్యాచ్‌లో 24 మందితో ల్యాబ్‌లో ఒక డెంగీ కేసుని నాటకంలా (దాన్నే సినారియో అంటాం) నడిపి మేం చేసిన ప్రయత్నం, అందులో నేను చేసిన తప్పులతో సహా, ఇక్కడ రాస్తున్నాను.

డెంగీనే ఎందుకు

ఈ జబ్బు మనల్ని మోసం చేసే తీరు అలాంటిది. జ్వరం ఉన్నన్నాళ్లూ ఇంటిల్లిపాదీ భయపడతారు, తగ్గగానే ఊపిరి పీల్చుకుంటారు. అసలు గండం అప్పుడే మొదలవుతుంది. జబ్బు మొదలైన మూడో రోజు నుంచి ఏడో రోజు లోపు, జ్వరం దిగే సమయంలో, సన్న రక్తనాళాల గోడలు కారడం మొదలవుతుంది. రక్తంలోని నీటి భాగం (ప్లాస్మా) బయటికి పోతుంది. ఇది 24 నుంచి 48 గంటలు సాగుతుంది. ఆ కాస్త సమయం జాగ్రత్తగా దాటిస్తే చాలావరకు వాళ్లే తేరుకుంటారు.

ఈ గంటల్లో శరీరం చాలా తెలివిగా సర్దుకుంటుంది. గుండె వేగం పెంచుతుంది, చేతులకీ కాళ్లకీ వెళ్లే నాళాల్ని బిగిస్తుంది. అందుకే బీపీ పై అంకె పెద్దగా పడదు, కింది అంకె మాత్రం పైకి జరుగుతుంది. రెండింటి మధ్య దూరం కుంచించుకుపోతుంది. అది 20 లేదా అంతకన్నా తగ్గిందంటే, పై అంకె నిక్షేపంగా 100 ఉన్నా సరే, షాకే. పై అంకె ఒక్కటే చూసే అలవాటు ఉన్నవాళ్లకి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. మనలో చాలామందికి ఉన్న అలవాటు అదే.

దీనికి తోడు మన ఊళ్లలో ప్లేట్‌లెట్ల పిచ్చి ఒకటుంది. పేషెంట్ పేరు గుర్తులేకపోయినా కౌంట్ గుర్తుంటుంది. బొప్పాయి ఆకు రసం, కివీ పళ్లు, "మా బావగారికి ఇరవై వేలకి పడిపోయాయి" కబుర్లు. పిల్లలు కూడా ఈ ఇళ్లల్లోంచే వస్తారు కదా. వార్డులో అడుగుపెట్టగానే వాళ్ల కళ్లు ల్యాబ్ రిపోర్టులో ఆ ఒక్క లైను మీదకే పోతాయి.

సినారియో తయారీ

మొదటిసారి రాసింది చెత్తబుట్టలో వేశాను. అందులో పేషెంట్‌కి ముక్కులోంచి రక్తం, కడుపునొప్పి, వాంతులు, స్పృహ తప్పడం, అన్నీ ఒకేసారి పెట్టేశాను. సహోద్యోగి ఒకావిడ చదివి, "ఇది పేషెంటా, ప్రశ్నపత్రమా?" అంది. నిజమే. అన్ని లక్షణాలూ వరసగా నిలబడి చేతులెత్తితే గుర్తుపట్టడానికి నర్సు అక్కర్లేదు. వార్డులో పేషెంట్ అలా ఉండదు. ఒక సంగతి ఎనిమిదింటికి తెలుస్తుంది, ఇంకోటి పదింటికి. మధ్యలో పక్క బెడ్ వాళ్లు సెలైన్ అయిపోయిందని పిలుస్తారు.

రెండోసారి ఆ పాత చార్టులోని అంకెల్నే తీసుకుని, మిగతా వివరాలు మార్చి మూడు దశలుగా రాశాను. ఏడో నంబర్ బెడ్, పందొమ్మిదేళ్ల డిగ్రీ అమ్మాయి, జ్వరం మొదలై ఐదో రోజు. ఎనిమిదింటికి జ్వరం లేదు, రాత్రి రెండుసార్లు వాంతులయ్యాయి, ప్లేట్‌లెట్లు 78,000, హిమటోక్రిట్ 41. చేరినప్పుడు అది 38. పదింటికి "కడుపులో ఏదోలా ఉంది" అంటుంది, చేతులు చల్లబడ్డాయి, తెల్లవారి ఐదు నుంచి మూత్రం లేదు. పదకొండుంబావుకి పక్క మీద నిలవదు, అటూ ఇటూ దొర్లుతుంది, హిమటోక్రిట్ 47. 38 నుంచి 47 అంటే దాదాపు 24 శాతం పెరుగుదల. 20 శాతం దాటితే ప్లాస్మా కారుతున్నట్టు లెక్క. ప్లేట్‌లెట్లు మాత్రం కావాలనే 52,000 దగ్గర ఆపాను. భయపెట్టే అంకె కాదది. అదే ఎర.

మా ల్యాబ్‌లో ఖరీదైన సిమ్యులేటర్ (మనిషిలా స్పందించే బొమ్మ) లేదు. ఉన్నది మోచేతి దగ్గర రబ్బరు చిరిగిన బొమ్మ. నర్సింగ్ పిల్లలు బొమ్మల మీద నేర్చుకోవడం ఇవాళ్టిది కాదులెండి. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి నర్సింగ్ స్కూల్లోకి మిసెస్ చేజ్ అనే నిలువెత్తు బొమ్మ 1911లోనే వచ్చింది. కానీ ఈ కేసులో చేయి పట్టుకుంటే చల్లగా తగలాలి, బొమ్మతో అది కుదరదు. అందుకని ఫోర్త్ సెమిస్టర్ బీఎస్సీ అమ్మాయిని పేషెంట్‌గా పడుకోబెట్టాం. పదింటి దశకి ముందు తెర వెనక ఐసు ముక్కలు వేసిన గిన్నెలో రెండు నిమిషాలు చేతులు ముంచి, తుడుచుకుని పడుకునేది. ఆరు టీంలు అయ్యేసరికి "మేడం, నాకు నిజంగానే షాక్ వచ్చేలా ఉంది" అని గొడవ. గోరు నొక్కి వదిలి, రంగు తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో చూసినవాళ్లకి మాత్రం "3 సెకన్లు" (ఆలస్యమే) అని తెలిపే చీటీ ఇచ్చేవాళ్లం. మంచం కింద యూరిన్ పాట్ పొడిగా పెట్టాం.

పేషెంట్ వాళ్ల అమ్మగా మా ల్యాబ్ ఆయమ్మ. ఆవిడకి రెండే డైలాగులు ఇచ్చాను: "జ్వరం తగ్గింది కదమ్మా, ఇంటికి పంపించేస్తారా?", "ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయమ్మా?"

ఒక నియమం పెట్టుకున్నాం. అడగనిదే ఏదీ చెప్పం. "వైటల్స్ చెక్ చేస్తున్నాం" అని నోటితో అంటే చాలదు. బీపీ కఫ్ చుట్టాలి, పల్స్ మీద వేళ్లు పెట్టాలి, అప్పుడే అంకె ఉన్న కార్డు చేతికొస్తుంది.

ఆ రోజు

నలుగురి చొప్పున ఆరు టీంలు, ఒక్కో టీంకి పన్నెండు నిమిషాలు. ఆరింటికి ఆరూ ముందు ప్లేట్‌లెట్ల రిపోర్టే అడిగాయి. ఐదు టీంలు ఎనిమిదింటి నోట్స్‌లో దాదాపు అదే పాత వాక్యం రాశాయి: జ్వరం తగ్గింది. ఒక టీం అయితే ఆయమ్మతో, "రేపు డిశ్చార్జ్ చేస్తారులే అమ్మా" అని ధైర్యం కూడా చెప్పింది. మూత్రం గురించి అడిగింది ఒక్క టీమే.

నేను ఎక్కువసేపు ఆలోచించింది మాత్రం మూడో టీం గురించి. పదింటి దశ. టీం లీడర్ కార్డులు చూసుకుంటూ చార్టు నింపుతోంది. ఇంకో అమ్మాయి, క్లాసులో నోరు విప్పని పిల్ల, కాన్యులా (సెలైన్ ఎక్కించే గొట్టం) ప్లాస్టర్ సరిచేయడానికి పేషెంట్ చేయి పట్టుకుంది. ఒక్క క్షణం ఆగింది. రెండో చేయీ ముట్టుకుని చూసింది. మెల్లగా, "చేయి చల్లగా ఉంది మేడం" అంది. నాతో కాదు, గాలితో అన్నట్టు.

లీడర్ తలెత్తకుండానే, "ఫ్యాన్ కింద ఉంది కదే, దాని వల్ల" అంది. ఆ అమ్మాయి "అవునేమో" అని ప్లాస్టర్ అతికించేసింది. ఆ తర్వాత పదకొండుంబావు దశ వచ్చేదాకా ఆ టీంలో ఎవరూ చేయి ముట్టుకోలేదు.

క్రిస్టీన్ టానర్ అనే అమెరికన్ నర్సింగ్ ప్రొఫెసర్ 2006లో క్లినికల్ జడ్జిమెంట్‌ని నాలుగు మెట్లుగా చెప్పారు. గమనించడం, అర్థం చెప్పుకోవడం, స్పందించడం, తిరిగి ఆలోచించుకోవడం. పీజీలో ఇది చదివి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. మొదటి మెట్టు నుంచి రెండో మెట్టుకి వెళ్లే దారిలో ఒక ఫ్యాన్ అడ్డం రావడం మాత్రం ఆ రోజే కళ్లారా చూశాను. మా పిల్లలు గమనించరని అప్పటిదాకా అనుకునేదాన్ని. గమనిస్తారు. గమనించినదాన్ని పక్కవాళ్లు ఒక్క మాటతో ఆర్పేస్తే ఊరుకుంటారు.

డీబ్రీఫింగ్‌లో నేను చేసిన పొరపాటు

డీబ్రీఫింగ్ అంటే సినారియో అయ్యాక ఏం జరిగిందో పిల్లలతో కూర్చుని మాట్లాడుకోవడం. మొదటి రెండు టీంలకి ఆ పేరు చెప్పి లెక్చర్ ఇచ్చాను. మార్కర్ తీసుకుని బోర్డు మీద పల్స్ ప్రెషర్ బొమ్మ గీసి, చివర్లో "అర్థమైందా?" అని అడిగాను. "అర్థమైంది మేడం." ఎనిమిది తలలూ ఒకేసారి ఊగాయి. అలా ఒకేసారి ఊగాయంటే ఒక్క తలలోకీ పోలేదని ఇన్నేళ్ల సర్వీసులో నాకు తెలిసుండాలి.

మూడో టీం నుంచి మార్కర్ డ్రాయర్లో పెట్టేశాను. ప్రతి దశ దగ్గరా ఆట ఆపి నలుగురికీ చీటీలు ఇచ్చాం. ఒకరిది ఒకరు చూడకుండా రెండు ముక్కలు రాయాలి. "ఈ పేషెంట్‌కి ఏమవుతోందనుకుంటున్నావు? నీ మాట తప్పని ఏది చూస్తే తెలుస్తుంది?" రెండో ప్రశ్నకి మొదట్లో అందరూ బిక్కమొహం వేశారు. తమ మాట తప్పు కావచ్చన్న ఆలోచన స్కూలు రోజుల నుంచీ ఎవరూ వాళ్ల చేత చేయించలేదు, సరైన జవాబు చెప్పమనడమే తప్ప.

ఆ చీటీల వల్ల ఒక మేలు జరిగింది. నోరు విప్పని అమ్మాయి పదింటి చీటీలో "చేతులు చల్లగా ఎందుకు?" అని రాసింది. డీబ్రీఫింగ్‌లో నేను దాన్ని పేరు చెప్పకుండా చదివాను. లీడర్ వెంటనే, "నేనే ఫ్యాన్ అన్నాను మేడం" అని ఒప్పుకుంది. "ఫ్యానే అయి ఉండొచ్చు. అవునో కాదో ఎలా తెలుసుకుంటావు?" అన్నాను. కాసేపు ఆలోచించి నలుగురూ తలా ఒకటి చెప్పారు. కాళ్లు కూడా చల్లగా ఉన్నాయేమో చూడొచ్చు. ఫ్యాన్ ఆపి దుప్పటి కప్పి మళ్లీ చూడొచ్చు. పక్క బెడ్ పేషెంట్ కూడా అదే ఫ్యాన్ కింద ఉంది, ఆమె చేయి పట్టుకుని చూడొచ్చు. గోరు నొక్కొచ్చు. నిమిషం పని. పక్క బెడ్ ఆవిడ చేయి పట్టుకోవడం నాకు కూడా తట్టలేదు.

ఫోను

మా పిల్లల్ని ఏ ప్రశ్న అడిగినా చివరి జవాబు ఒకటే: "డాక్టర్‌కి ఇన్ఫార్మ్ చేస్తాం." వైవాలో దానికి మార్కు పడుతుంది, అందుకే నేర్చుకున్నారు. కానీ ఏమని చెబుతారు?

పక్క గదిలో నేను ఓపీ రద్దీలో చిక్కుకున్న డ్యూటీ డాక్టర్‌గా కూర్చున్నాను. వార్డులో అయితే స్టూడెంట్ ముందు స్టాఫ్ సిస్టర్‌కి చెప్పాలి. సినారియోలో సిస్టర్‌ని కావాలనే ఇంకో ఎమర్జెన్సీకి పంపించేశాం. మొదటి ఫోన్ ఇలా వచ్చింది:

"సార్, ఏడో బెడ్ పేషెంట్‌కి బాగోలేదు సార్."

"బాగోలేదంటే?"

"అదే సార్... కొంచెం అన్‌ఈజీగా ఉందంట సార్."

"జ్వరం ఎంతుంది?"

"జ్వరం లేదు సార్."

"ప్లేట్‌లెట్లు?"

"యాభై రెండు వేలు సార్."

"సరే, ఓపీ అయ్యాక వస్తాను." ఫోన్ పెట్టేశాను.

ఆ అమ్మాయి రిసీవర్ వైపు చూస్తూ నిలబడిపోయింది. తను అబద్ధం చెప్పలేదు, అడిగినదానికల్లా నిజమే చెప్పింది. అయినా డాక్టర్ రాలేదు. దీని మీద జరిగినంత చర్చ మరిదేని మీదా జరగలేదు. "సార్ తిడతారేమోనని భయం మేడం" అని ఒకరు. "డయాగ్నోసిస్ చెప్పడానికి మనమెవరం అంటారు" అని ఇంకొకరు. రెండూ ఊహలు కావు, వార్డులో వాళ్ల చెవులతో విన్న మాటలే. వాటికి నా దగ్గర తియ్యటి జవాబేమీ లేదు. కాకపోతే అరకొరగా చెబితే తిట్లు ఖాయం, పూర్తిగా చెబితే ఒక్కోసారి తప్పుతాయి అన్నాను. నవ్వారు.

పేషెంట్ పరిస్థితిని నాలుగు ముక్కల్లో చెప్పే ఎస్‌బార్ పద్ధతిని సిలబస్‌లో చదివారు కానీ నోటితో ఎప్పుడూ పలకలేదు. ఇప్పుడేం జరుగుతోంది, వెనక ఏం జరిగింది, నాకేమనిపిస్తోంది, మీరేం చేయాలి. చివరి రెండింటి దగ్గరే గొంతు పెగలదు. ఒక్కొక్కరి చేతా మూడుసార్లు, నాలుగుసార్లు ఫోన్ చేయించాం. సాయంత్రానికి వచ్చిన ఒక ఫోన్ ఇది:

"సార్, ఫిమేల్ మెడికల్ నుంచి స్టూడెంట్ నర్స్‌ని. ఏడో బెడ్, డెంగీ, ఐదో రోజు, జ్వరం తెల్లవారుజామున దిగింది. బీపీ 100/84, పల్స్ ప్రెషర్ పదహారే ఉంది, పల్స్ 124. చేతులు చల్లబడ్డాయి, ఐదింటి నుంచి యూరిన్ లేదు, హిమటోక్రిట్ 38 నుంచి 47కి వెళ్లింది. షాక్‌లోకి వెళ్తోందనిపిస్తోంది సార్. మీరు ఇప్పుడే రావాలి. ఈలోపు ఫ్లూయిడ్ ఏ రేటులో పెట్టమంటారు?"

ప్లేట్‌లెట్ల ఊసే ఎత్తలేదు. చేసింది ఆ మూడో టీం లీడరే.

డెంగీ మాత్రమే నేర్చుకున్నారా?

ఈ అనుమానం నాకు మొదటి నుంచీ ఉంది. అదే కేసు మళ్లీ ఇస్తే అందరూ పాసవుతారు, దాని వల్ల ఏం తెలియదు. మూడు వారాలు ఆగి రెండు కొత్త సినారియోలు పెట్టాం.

ఒకటి ప్రసవమై రెండు గంటలైన తల్లి. పల్స్ 88, 104, 118. బీపీ మాత్రం 116/74 నుంచి 104/70కి మెల్లగా దిగుతోంది. ప్యాడ్ మీద రక్తం కొద్దిగానే కనిపిస్తుంది. నడుం కింద మాత్రం రంగునీళ్లలో ముంచిన బట్ట పెట్టాం, పక్కకి తిప్పి చూస్తేనే తెలుస్తుంది. పొట్ట మీద గౌను కింద సగం నీళ్లు పోసిన హాట్ వాటర్ బ్యాగు, మెత్తబడిన గర్భసంచికి బదులు. ఆరు టీంలలో నాలుగు పేషెంట్‌ని పక్కకి తిప్పాయి. ఆ నాలుగింటిలో మూడు మాత్రమే మూత్రాశయం నిండి గర్భసంచిని ముడుచుకోనివ్వడం లేదేమోనని ఆలోచించాయి. మిగతా రెండు టీంలూ ప్యాడ్ మీద మరక చూసి "నార్మల్" అని రాశాయి.

రెండోది నాకు బాగా ఇష్టమైన కేసు, ఎందుకంటే అందులో ఏ ప్రమాదమూ లేదు. డెంగీ నుంచి కోలుకుంటున్న కుర్రాడు. పల్స్ 54, కాళ్ల మీద ఎర్రటి దద్దు, మధ్యమధ్య తెల్లటి మచ్చలు, ఒకటే దురద. బీపీ 112/70, చేతులు వెచ్చగా ఉన్నాయి, ఆకలేస్తోందంటాడు, మూత్రం బాగా అవుతోంది. కోలుకునే దశలో పల్స్ నెమ్మదించడం, ఆ దద్దు రావడం మామూలే. మూడు టీంలు కంగారుపడి డాక్టర్‌కి పరుగున ఫోన్ చేశాయి. తప్పు వాళ్లది కాదు, ప్రతి సినారియోలోనూ ఏదో ఒక విపత్తు ఉంటుందని నేనే అలవాటు చేశాను. అసలు అక్కడ పట్టుకోవాల్సింది ఒకటుంది. సెలైన్ ఇంకా ఎక్కుతూనే ఉంది. బయటికి కారిన నీరంతా తిరిగి రక్తంలోకి వచ్చే దశలో అది మితిమీరితే ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. "ఈ సెలైన్ ఇంకా అవసరమా?" అని అడగడమే అక్కడ జడ్జిమెంట్. అడిగింది ఒక్క టీం. ఇప్పుడు ప్రతి మూడు సినారియోల్లో ఒకటి ఇలా ప్రశాంతంగా ఉండేలా రాస్తున్నాను.

దీనివల్ల వార్డులో పేషెంట్లకి ఎంత మేలు జరిగిందో నేను చెప్పలేను, కొలవలేదు. ఇరవై నాలుగు మందిని చూసి అలాంటి మాట అనకూడదు కూడా. అమెరికాలో నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి 2014లో ప్రచురించిన పెద్ద అధ్యయనం ఒకటుంది. మంచి సిమ్యులేషన్‌తో (ఇలాంటి ఉత్తుత్తి కేసులతో ఇచ్చే శిక్షణతో) క్లినికల్ గంటల్లో సగం దాకా భర్తీ చేసినా నష్టం లేదని అందులో తేలింది. దాన్ని చూపించి, వార్డు పోస్టింగ్ తగ్గించి ల్యాబ్‌లోనే కానిద్దామనే మాట మన దగ్గరా అక్కడక్కడా వినిపిస్తోంది. ఆ అధ్యయనంలో శిక్షణ పొందిన డీబ్రీఫర్లున్నారు, గంటల లెక్కన తర్ఫీదు ఉంది. మాకున్నది ఐసు గిన్నె, ఆయమ్మ. వార్డుకి బదులుగా దీన్ని నేను ఒప్పుకోను. వార్డుకి వెళ్లే ముందు, వచ్చిన తర్వాత అయితే సరే.

పిల్లల్లో కొందరికి వేరే ఆసక్తి పుట్టింది. అమెరికా వెళ్లాలనుకునేవాళ్లు రాసే నర్సింగ్ లైసెన్స్ పరీక్ష ఎన్‌క్లెక్స్ 2023 ఏప్రిల్ నుంచి మారింది. ఒకే పేషెంట్ కథని విడతలవారీగా విప్పుతూ, ఏది ముఖ్యమైన సంకేతం, ముందు ఏది చూడాలి అని అడుగుతోంది. "మేడం, మన ఏడో బెడ్ లాంటివే వస్తున్నాయి" అని కోచింగ్‌కి వెళ్తున్న పాత స్టూడెంట్ ఫోన్ చేసింది. సంతోషమే, నేను దానికోసం మొదలుపెట్టలేదు కానీ.

మా చార్టుల్లో చిన్న మార్పు ఒకటి చేశాం. ప్రాక్టీస్ షీట్‌లో బీపీ గడి పక్కన ఇంకో సన్నటి గడి గీశాం, పల్స్ ప్రెషర్ కోసం. తీసివేత చేసి రాయాలి. వార్డు షీట్లలో ఆ గడి లేదు. కొందరు అంచున పెన్సిల్‌తో చిన్న అంకె వేస్తున్నారు. ఒక సిస్టర్ "ఈ పిచ్చి అంకెలేంటి?" అని కోప్పడిందట. అడిగిందంటే చూసినట్టే కదా అనుకున్నాను.

వచ్చే నెల కొత్త బ్యాచ్‌కి మళ్లీ ఏడో బెడ్ పెడుతున్నాం. నిన్న ల్యాబ్ సర్దుతూ ఆయమ్మ అడిగింది. "మేడం, పోయినసారి భయపడే అమ్మగా చేశాను. నిజం వార్డులో అట్లా అందరూ ఉండరు. ఈసారి కోప్పడే అమ్మగా చెయ్యనా? 'పొద్దున్నుంచి మూడుసార్లు బీపీ చూశారు, ఏమైందో ఒక్కరు చెప్పరే' అంటాను."

సినారియో కాగితం తీసి, పదింటి దశ పక్కన ఆవిడ మాట అలాగే రాసుకున్నాను.